తలకిందుల స్తంభం

మధ్యాహ్నం టీ తాగాక ఇనోబత్ వసారాలో స్తంభానికి వీపు ఆనించి కూర్చుందంటే ఆ ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు. గిన్నెలు తర్వాత తోముకుంటారు. కోళ్ళను పెరట్లోకి తోలేస్తారు. కాపురానికి వచ్చిన కొత్తలో కోడలు జుమ్రద్ ఇదంతా అత్తగారి దర్పం అనుకుని లోపల్లోపల మూతి తిప్పుకుంది. కొన్నాళ్ళకు అసలు సంగతి తెలిసింది. ముసలావిడ అక్కడ ఊరికే కునుకు తీయడం లేదు, వాళ్ళ నాన్నను చూసి రావడానికి వెళ్తోంది.

పరుపు మీద పడుకుంటే ఇనోబత్‌కు మామూలు కలలే వస్తాయి. రొట్టె మాడిపోతుంది, బస్సు తప్పిపోతుంది, తలగుడ్డ కనిపించదు. ఆ స్తంభానికి వీపు తగిలితే మాత్రం, కళ్ళు మూతపడీ పడకముందే తూత్‌జార్ పేట మసీదు లేచి నిలబడుతుంది. ఆ మసీదు ఇప్పుడు లేదు. ఆమెకు ఆరేళ్ళప్పుడు, దేవుడు లేడన్న ఎర్రజెండా సర్కారు కూల్చేసింది. ఆ స్థలంలో పట్టుగూళ్ళ గోడౌను కట్టారు. మర్గిలాన్ నగరం బతికేదే పట్టు మీద కాబట్టి దేవుడి చోటు పోయి గూళ్ళ చోటు వచ్చిందని ఎవరూ పైకి ఏడవలేదు. ఇనోబత్ కూడా పెళ్ళయిన దగ్గర్నుంచి పింఛను వచ్చేదాకా ఆ గోడౌనులోనే గూళ్ళు ఏరింది.

కలలో మసీదు తలకిందులుగా ఉంటుంది. పైకప్పు కింద ఉంటుంది. దూలాల మీద రంగులతో వేసిన పువ్వుల పైన ఆమె వట్టి కాళ్ళతో నడుస్తుంది. ఎరుపు తొక్కితే పాదం వెచ్చబడుతుంది, నీలం తొక్కితే చల్లబడుతుంది. ముంగిలి తలపైన ఉంటుంది. కొలను కూడా అక్కడే ఉంటుంది, అందులోంచి ఒక్క చుక్క కూడా కారదు. ఆ ముంగిట్లో నాన్న తోజీబాయ్ నడుస్తుంటాడు, తల ఇటు, కాళ్ళు ఆకాశం వైపు. పట్టు నూలును రంగుల తొట్లలో ముంచి ముంచి ఆయన చేతులు మోచేతుల దాకా నీలం తిరిగి ఉంటాయి. ఆమె చేయి పైకి చాస్తుంది. ఆయన కిందికి చాస్తాడు. మధ్యలో ఒక జానెడు మిగిలిపోతుంది. సరిగ్గా అక్కడే మెలకువ వచ్చి, ఎదురుగా జుమ్రద్ ఆరేసిన దుప్పట్లు కనిపిస్తాయి.

మసీదులన్నీ కలలో అలాగే వస్తాయి కాబోలని చాలాకాలం అనుకుంది. ఎవరినైనా అడిగితే కదా తెలిసేది. మసీదు కలలోకి వచ్చిందని ఇంకొకరితో చెప్పుకునే రోజులు కావవి.

స్తంభం సంగతి మాత్రం ఆమెకు మొదటినుంచీ తెలుసు. కూల్చడం మొదలైన సాయంత్రం నాన్నా, చిన్నాన్నా గాడిద బండి మీద మల్బరీ కొమ్మలు వేసుకుని వచ్చారు. పట్టుపురుగులకు మేత అనుకుని ఎవరూ పట్టించుకోలేదు. కొమ్మల కింద మసీదు స్తంభం ఉంది. కరగాచ్ అనే గట్టి చెట్టు మాను, పైనుంచి కింది దాకా తీగలు చెక్కినది. అలాంటి స్తంభాలకు పాదం దగ్గర కడవలా ఉబ్బు ఉంటుంది, వడ్రంగులు దాన్ని కడవ అనే అంటారు. మసీదు స్తంభాన్ని ఎవరైనా ఆ కడవను బట్టే గుర్తుపడతారు. అందుకని నాన్న దాన్ని తలకిందులుగా నిలబెట్టాడు. కడవ పైకి పోయి వసారా కప్పు కింద నక్కింది. దాని చుట్టూ చెక్కలు కొట్టి, గడ్డి కలిపిన మట్టి మెత్తి, మొత్తానికి సున్నం కొట్టేశాడు. పిచ్చుకలు కూడా మోసపోయి అక్కడ గూడు కట్టుకున్నాయి.

"ఇది మన ఇంటి గుంజ. ఎవరడిగినా అదే చెప్పాలి, సరేనా అమ్మా," అన్నాడు.

మిగతా మూడు స్తంభాలు ఎవరెవరి ఇళ్ళకు చేరాయో ఆయనకూ తెలియదు. పక్కవాడు ఏం మోసుకుపోయాడో అడగకపోవడమే అప్పటి మర్యాద. మరుసటి చలికాలం ఒక పొద్దున ఇద్దరు మనుషులు వచ్చి, చిన్న మాట అడగాలి, ఒకసారి రమ్మన్నారు. నాన్న బూట్లు తొడుక్కుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. స్తంభం గురించేనా, ఇంకేదైనానా, ఎవరూ చెప్పలేదు. అమ్మ బతికున్నంతకాలం ఆ గేటుకు లోపలి గడియ వేయనివ్వలేదు. చిన్నాన్న యుద్ధానికి పోయి అటే పోయాడు. ఆ తర్వాత ప్రతి నౌరోజ్ పండగ ముందు ఇనోబత్ తన చేత్తో ఆ స్తంభానికి సున్నం వేస్తూ వచ్చింది. ఇల్లరికం వచ్చిన మొగుడిని కూడా వేయనివ్వలేదు, పాపం ఆయన అది మొండితనం అనుకునే పోయాడు.

కాలం తిరగబడింది. ఆఫీసుల మీది ఎర్ర బోర్డులు దిగిపోయాయి. పట్టుగూళ్ళ గోడౌను పేటకు తిరిగి ఇచ్చేశారు, మసీదు మళ్ళీ కట్టుకోండని. పేట పెద్దగా ఎర్గాష్ నడుం బిగించాడు. ఆయన జీవితమంతా క్లబ్బులో సినిమా హాలు గుమ్మం దగ్గర నిలబడి, టికెట్టు లేనివాళ్ళను అరిచి బయటికి పంపినవాడు. ఇప్పుడు గడ్డం నెరిసింది, మసీదు కడుతున్నాడు. ఇందులో నవ్వడానికేమీ లేదు, పేటలో పిలిస్తే పలికే గొంతు ఆయనదొక్కటే. పొద్దున్నే వీధుల్లో కేకేస్తే మగవాళ్ళు పారలు పట్టుకుని బయల్దేరేవాళ్ళు. కూలి లేదు, అందరిదీ అందరూ కలిసి చేసుకునే పని. ఆడవాళ్ళు డేగిశాల్లో వండి పంపేవాళ్ళు.

మూడు స్తంభాలు వాటంతటవే బయటికొచ్చాయి. ఒకటి రొట్టెల బట్టీ వాళ్ళ పశువుల పాకలోంచి, ఒకటి స్కూలు మాస్టరు ఇంట్లోంచి, ఒకటి ఎవరిదో ద్రాక్ష పందిరి కిందనుంచి. నాలుగోది ఏదని ఎర్గాష్, వడ్రంగి సోబిత్ ఇల్లిల్లూ వెతికారు. చిన్న సుత్తి పట్టుకుని ప్రతి గుంజ పాదం దగ్గరా కూర్చుని తట్టి చూసేవారు. అలా ఇనోబత్ ఇంటికీ వచ్చారు.

"అక్కా, లోపలున్నావా? నీ ఇల్లు సోదా చెయ్యడానికొచ్చాం," అన్నాడు ఎర్గాష్ గేటు దగ్గర్నుంచే.

"ఒరేయ్ ఎర్గాషూ, సినిమా హాలు మూసేసి ఎన్నాళ్ళయింది, ఇంకా ఆ అరుపేంట్రా. కోళ్ళు గుడ్లు పెట్టడం మానేస్తాయి."

"రేపు అజాన్ ఇచ్చేది ఈ గొంతే అక్కా. సాధన చేస్తున్నా."

"చెయ్యి, చెయ్యి. నమాజుకొస్తారో, సినిమా మొదలైందనుకుని టికెట్టుకు చిల్లర తెచ్చుకుంటారో."

సోబిత్ నవ్వుతూనే స్తంభం అడుగున కూర్చున్నాడు. సుత్తితో తట్టాడు. చెవి పెట్టి విన్నాడు. "ఎప్పటిది పెద్దమ్మా ఇది?"

"ఇంటితోపాటే ఉంది నాయనా. ఇంటి గుంజ."

"కడవ లేదు. మామూలుదే," అన్నాడు సోబిత్, మోకాళ్ళు దులుపుకుని లేచి. ఈ ఊళ్ళో ఎవరైనా చేసే పొరపాటే అది. మసీదు స్తంభం అంటే పాదం వైపే చూస్తారు, తలెత్తి చూడాలని ఎవరికీ తోచదు. ఇద్దరూ పక్క ఇంటికి వెళ్ళిపోయారు. ఇనోబత్ లేచి గేటు చేరవేసి వచ్చింది.

"చెప్పకూడదా అత్తయ్యా?" అంది జుమ్రద్. ఆమెకు ఎప్పుడో తెలిసిపోయిందన్నమాట.

"చెప్తే పట్టుకుపోతారు. తీసుకెళ్ళి మసీదులో పెడతారు. అక్కడికి మనం వెళ్తామా, పెడతామా? ఇక నాన్న నాకెక్కడ కనిపిస్తాడే?"

ఆ పేటలో ఆడవాళ్ళు మసీదులోకి వెళ్ళరు, నమాజు ఇంట్లోనే చేసుకుంటారు. ఆరేళ్ళ పిల్ల నాన్న వేలు పట్టుకుని వెళ్ళిందంటే అది వేరు. ఇవ్వనని ఇనోబత్ తేల్చేసుకుంది. దేవుడికి స్తంభాలకు కొదవేముంది, ఆడదానికి తండ్రి ఒక్కడే కదా అనుకుంది. ఆ మాటకు తనకే భయమేసి, వెంటనే క్షమాపణ కూడా చెప్పుకుంది.

మల్బరీలు పండే వేళకు గోడలు లేచాయి. ఒకరోజు జుమ్రద్‌తో కలిసి ఆమె పనివాళ్ళకు అన్నం డేగిశా పట్టించుకుని వెళ్ళింది. మూడు మూలలా మూడు స్తంభాలు నూనె తాగి మెరుస్తున్నాయి. నాలుగో మూల కార్ఖానా పెరట్లోంచి తెచ్చిన సిమెంటు స్తంభం ఉంది, దీపాల తీగలకు వాడేది.

"రంగేస్తే తేడా తెలీదులే అక్కా," అన్నాడు ఎర్గాష్, ఆమె ముఖం చూసి. సోబిత్ మాత్రం ఆ మూలకు వీపు తిప్పి కూర్చుని చెక్కుకుంటున్నాడు. ఆ పూట అతను అన్నం కూడా అటు తిరగకుండానే తిన్నాడు.

ఇంటికొచ్చి ఇనోబత్ స్తంభానికి ఆనుకుంది. మసీదు వచ్చింది. పువ్వుల మీద నడిచింది. ముంగిట్లో నాన్న లేడు. కొలను దగ్గర లేడు. వెతగ్గా వెతగ్గా నాలుగో మూల కనిపించాడు. స్తంభం ఉండాల్సిన చోట ఆయన నిలబడి ఉన్నాడు. కాళ్ళు పైన ముంగిలికి ఆనించి, రెండు చేతులూ చాచి, కప్పు దూలాన్ని పట్టుకుని ఉన్నాడు. ఆ చేతులు సరిగ్గా ఆమె పాదాల దగ్గరికి వచ్చాయి. ఇన్నేళ్ళ జానెడు ఎడం లేదిప్పుడు. ఇనోబత్ కూర్చుని ఆ వేళ్ళను తాకింది. వణుకుతున్నాయి. చేయి అందింది కానీ ఆ చేతులకు ఆమెను పట్టుకునే తీరిక లేదు.

మెలకువ వచ్చాక చాలాసేపు ఏడ్చింది. ఇన్నాళ్ళూ తండ్రిని దాచుకున్నాననుకుంది గానీ ఆయన నెత్తిన కప్పు పెట్టి నిలబెట్టాననుకోలేదు. తలకిందులుగా ఉన్నది మసీదు కాదు, తన ఇంటి స్తంభమని అప్పుడు తట్టింది. అది నిటారుగా నిలబడితే ఆయనా నేల మీద నిలబడతాడేమో. నిలబడకపోతే? కలే రాకుండా పోతే? అయినా కళ్ళు తుడుచుకుని కోడలిని పిలిచింది.

"జుమ్రదా, ఎర్గాష్‌ని రమ్మను. సోబిత్‌ని నిచ్చెన తెమ్మను."

సోబిత్ నిచ్చెనెక్కి తడిగుడ్డతో మట్టి నానబెట్టి, చాకుతో గీకాడు. చెక్కలు ఊడాయి. గుండ్రంగా, ఆకులు చెక్కిన కడవ బయటపడింది. అతను దాని చుట్టూ చేత్తో తడిమి చూశాడు. కింద ఎర్గాష్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇన్నేళ్ళు తలకిందులుగా నిలబడి ఒక్క మాటన్నా అనలేదు చూడు," అన్నాడు ఎర్గాష్. "మా ఆవిడ అయితే మొదటి రోజే ఊరంతా లేపేది."

"ఇస్తానురా. ఊరికే ఇవ్వను," అంది ఇనోబత్.

"అడుగక్కా. మిగతావాళ్ళకు కొత్త పాప్లర్ చెక్క గుంజ ఇచ్చాం. నీకు కావాలంటే రెండిస్తాం."

"గుంజలేం చేసుకోను. అంతా కట్టడం అయ్యాక, రంగులేశాక, నేనొకసారి దానికి ఆనుకుని కూచోవాలి."

ఎర్గాష్ గడ్డం గోక్కున్నాడు. "ఎక్కడా లేనిది అడుగుతున్నావే..."

"అజాన్ పలికేదాకా అది మసీదెట్లా అవుద్దిరా? మొన్నటిదాకా గోడౌనే కదా. అందులో నేను కూచోని మూలేది? మొదటి శుక్రవారం, జుమా నమాజు రోజు పొద్దున వస్తాను. నువ్వు పిలిచే ముందు లేచెళ్ళిపోతాను. నన్నెవరూ లేపకూడదు, అంతే."

"దేనికక్కా ఇదంతా?"

"నాన్న కనిపిస్తాడురా," అంది ఆమె. "దానికి ఆనుకుంటేనే కనిపిస్తాడు. ఒక్కసారి చూసుకుని ఇచ్చేస్తాను మీకు."

ఎర్గాష్ నాన్నను ఎవరూ తీసుకుపోలేదు. ఇంట్లోనే, మంచం మీద, మనవల మధ్య పోయాడు. ఆ తేడా ఏమిటో ఎర్గాష్‌కు తెలుసు. గుండె మీద చేయి పెట్టుకుని సరేనన్నాడు.

స్తంభం వెళ్ళిపోయింది. దాని చోట పాప్లర్ గుంజ వచ్చింది, ఇంకా పచ్చి చెక్క వాసన వేస్తూ. ఇనోబత్ రోజూ దానికి ఆనుకుని చూసింది. నడుము నొప్పి తప్ప ఇంకేమీ రాలేదు. కళ్ళు మూసుకుంటే చీకటి, తెరిస్తే దుప్పట్లు. జుమ్రద్ అలవాటు కొద్దీ కోళ్ళను తోలబోతే, "ఉండనీవే, ఇక్కడేముందని," అనేది. ఆ వేసవి ఆమెకు చాలా పొడుగ్గా గడిచింది. ఎందుకిచ్చానా అని ఒక్కొక్క మధ్యాహ్నం పళ్ళు కొరుక్కుంది కూడా. ఇచ్చినదాన్ని మళ్ళీ అడగడానికి సిగ్గుపడింది.

ద్రాక్ష కోతలప్పుడు జుమా వచ్చింది. ఇనోబత్ పొద్దున్నే కొత్త పట్టు గౌను వేసుకుని వెళ్ళింది. లోపల ఎవరూ లేరు, ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. కొలను నిండా నీళ్ళున్నాయి, ఉండాల్సిన చోటే ఉన్నాయి. స్తంభం నాలుగో మూల రాతి పీట మీద, భూమి అదిరినా పగలకుండా పాదం కింద ఒంటె ఉన్ని పరిచి, నిటారుగా నిలబడింది. ఆమె దాని ముందు చాప వేసుకుని కూర్చుంది. కడవ సరిగ్గా నడుం ఒంపులో ఒదిగింది. తలెత్తితే పైన పువ్వులు. ఇన్నేళ్ళు వాటిని తొక్కుకుంటూ తిరిగినందుకు ఆమెకు కాస్త సిగ్గేసింది. గాలికి కొలను నీడ దూలాల మీద కదిలింది. దాన్ని చూస్తూ చూస్తూ కళ్ళు మూసింది.

బయట జరిగింది తర్వాత జుమ్రద్ చెబితేనే తెలిసింది. వీధి నిండా మగవాళ్ళు, ఉతికిన చొక్కాలు, కొత్త టోపీలు. ఎర్గాష్ అజాన్ ఇవ్వడానికి వచ్చి, గుమ్మంలోంచి తొంగిచూసి, ఆగిపోయాడు. పొద్దు నడినెత్తికొచ్చింది. ఎవరో, "పిలుపు మొదలెడితే ఆవిడే లేస్తుంది కదా," అన్నారు. "లేపనని మాటిచ్చాను. కూచోండి," అన్నాడు ఎర్గాష్. పొద్దు కొంచెం వాలింది. ఎవరో గొణిగారు. పశువుల పాకలో స్తంభం దాచినవాళ్ళ ముసలాయన చేతికర్ర నేల మీద కొట్టి, "ఇన్నేళ్ళు ఆగాం, ఒక ఆడమనిషి నిద్ర పూర్తయ్యేదాకా ఆగలేమా," అన్నాడు. అంతమంది గోడ నీడన వరసగా కూర్చుని, ఊపిరి కూడా మెల్లగా పీల్చుకున్నారు. గొంతు తగ్గించి మాట్లాడటం ఎర్గాష్‌కు వచ్చని పేటకు తెలిసింది ఆ రోజే.

ఇనోబత్‌కు మసీదు రాలేదు. కళ్ళ ముందు తన ఇల్లే వచ్చింది. నేల కింద ఉంది, ఆకాశం పైన ఉంది. వసారా, ద్రాక్ష పందిరి, ఆరేసిన దుప్పట్లు, పచ్చి వాసన వేసే కొత్త గుంజ. మసీదు ఏదని ఆమె గాభరా పడింది. ఇంత చేసి, ఈ ఒక్కసారి కూడా నాన్న కనిపించకుండా పోతాడేమోనని ఏడుపొచ్చింది. అప్పుడు గేటు కిర్రుమంది.

తోజీబాయ్ గేటు తోసుకుని లోపలికొచ్చాడు. కాళ్ళు నేల మీద ఉన్నాయి. బూట్లకు చాలా దూరం నడిచిన దుమ్ముంది. ఆమె కొడుకు కన్నా చిన్నవాడు, గడ్డంలో ఒక్క నెరిసిన వెంట్రుక లేదు. ముసలిదాన్ని అయిపోయాను, గుర్తుపడతాడో లేదోనని ఇనోబత్ గౌను సర్దుకుంది. ఆయన ఇల్లంతా ఒకసారి కలయజూసి, వసారా అంచున కూర్చుని, ఒక్కొక్క బూటూ విప్పి పక్కన పెట్టాడు. మళ్ళీ తొడుక్కునే ఉద్దేశం ఉన్నవాడిలా లేడు.

"ఆలస్యమైంది. టీ ఉందా అమ్మా?" అన్నాడు.

"పెడతాను నాన్నా, కూచో. ఇప్పుడే పెడతాను."

పొయ్యి వైపు తిరగ్గానే మెలకువ వచ్చింది. గుమ్మంలో ఎర్గాష్ నిలబడి ఉన్నాడు. అతని వెనక వీధంతా మనుషులు. నీడలు అటువైపుకు మారిపోయాయి.

"చాలాసేపయిందా ఏంట్రా?"

"లేదక్కా, కాసేపే," అని అబద్ధమాడాడు ఎర్గాష్. గొంతు తగ్గించి అడిగాడు, "కనిపించాడా?"

"ఇక్కడ లేడురా."

ఎర్గాష్ ముఖం వాడిపోయింది. టోపీ సర్దుకున్నాడు. ఇనోబత్ స్తంభానికి చేయి ఆనించి లేచింది. చాప చుట్టి చంకలో పెట్టుకుంది.

"ఇంటికొచ్చాడు. టీ అడిగాడు, ఇంకా పొయ్యన్నా వెలిగించలేదు నేను," అంది. "నువ్వు పిలుచుకో, నాకవతల పనుంది."

వీధిలో మగవాళ్ళు లేచి దారిచ్చారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. మలుపు తిరుగుతుంటే వెనక ఎర్గాష్ గొంతు లేచింది, గోడలు దాటి, మల్బరీ చెట్లు దాటి, పేట మొత్తం వినిపించేలా. అందరూ లోపలికి నడుస్తున్నారు. ఇనోబత్ ఒక్కతే ఎదురు దిక్కున, టీ ఆలస్యమవుతోందని, గబగబా ఇంటికి నడిచింది.